ట్రక్కు తిన్న మామిడికాయ తొక్కు

మొన్న జుమ్మా నాడు మా రూముల ఏం జరిగిందో ఇనుండ్రి. ఇంటికాడికెల్లి మా ఆమె పంపిన మామిడికాయ తొక్కు, గింత పెద్ద డబ్బా, ఒక్క పూటల సగం ఖాళీ! ఎవ్వరు తిన్నరనుకున్నరు? నేను గాదు. నర్సన్న గాదు. ట్రక్కు తిన్నది. అవ్ మల్ల, ట్రక్కే! నవ్వుండ్రి, నవ్వుండ్రి. నా నౌకరీ ఇంకా ఉన్నది గనుక ఇయ్యాల నేను గూడ నవ్వుతున్న. మొన్నయితే ఏడుపొక్కటే తక్కువ.

ముందుగాల మా అబూ తుర్కీ సంగతి చెప్పాలె. మా కఫీల్, అంటే ఇక్కడ మాకు వీసా ఇచ్చిన అరబ్బు సేటు, ఆయనే. దమ్మాముల బండ్లకు పెయింటు కొట్టే వర్క్‌షాపు ఉన్నది. అండ్ల నేను పెయింటర్ను, రఫీక్ భాయ్ మెకానిక్కు. రఫీక్ భాయ్‌ది పాకిస్తాన్. మేమిద్దరం ఉండుడు ధహ్రాన్ అవుతల అబూ తుర్కీ ఇస్తిరాహల. ఇస్తిరాహ అంటే మన తోటకాడి ఇల్లు అసొంటిదే, కాకపోతే తోట ఉండది. చుట్టూ గోడ, నడిమిట్ల పెద్ద రేకుల షెడ్డు, ఎనుక మా రూము. వారమంతా పిట్ట గూడ అరువది. గురువారం పొద్దుగూకితే సాలు, అబూ తుర్కీ దోస్తులు దిగుతరు. అందరూ పెద్ద పెద్ద నౌకర్లోళ్లు. ఇస్త్రీ చేసిన తెల్ల తోబులు, గా కాళ్లదాక ఉండే అంగీలు, ఇడిసి, మసివట్టిన ప్యాంట్లు తొడిగి, పాత అమెరికా బండ్ల కిందికి దూరుతరు. కాళ్లు ఒక్కటే బయట కనవడ్తయి.

హాట్ రాడ్ అంటరట వాటిని. మన లెక్కల చెప్పాలంటే ముసలోని పెయ్యిల పడుసు పిలగాని గుండె వెట్టుడు. బాడీ పాతది, ఇంజను కొత్తది. స్టార్ట్ చేస్తే మా రూముల గిన్నెలు గూడ ఎగురుతయి.

నాకు మొదట్ల మస్తు తిక్క లేసేది. నేను పెయింటర్ను గద! తుప్పు కనవడితే నా చెయ్యి ఊకుండది, గీకుతది. వీళ్లేమో తుప్పును సూసి మురుస్తరు. ఒకపారి ఒక డోరు మీద తుప్పు ఉంటే, "దీన్ని గీకకు రాజూ, దీని మీదనే లక్కరు కొట్టు, తుప్పు గిట్లనే ఉండాలె" అన్నడు అబూ తుర్కీ. తుప్పు మీద లక్కరు! జగిత్యాల జిల్లా మొత్తంల తుప్పుకు పాలిష్ చేసిన పెయింటర్ను నేనొక్కన్నే కావచ్చు. మల్ల అదే మనిషి, తళతళ మెరిసే కొత్త బంపరును తీసి అవుతల పారేస్తడు. అండ్ల ఏది చెత్తనో ఏది సొత్తో ఆ దేవునికే తెలువాలె.

ఈ నడుమ ఆయన సొంత బండి ఒకటి తయారైంది. పాత ట్రక్కు. వాళ్ల నాయిన, మేం పెద్ద బాబా అంటం, వయసుల ఉన్నప్పుడు తబూక్ దాక సరుకు మోసిన డ్రైవరట. ఆయన నడిపిన ట్రక్కు ఎప్పుడో పోయింది. అసొంటిదే ఇంకోటి ఎక్కన్నో దొరకవట్టి, అబూ తుర్కీ ప్రతి జుమ్మా దాని మీద పడి పని జేసిండు. పెద్ద బాబాకు తెల్వకుండ! మొన్న జుమ్మా నాడు పొద్దు వాలేటప్పటి అసర్ నమాజు అయినంక ఆయన్ను తోల్కొచ్చి సూపెడ్తనన్నడు. "మా అబ్బ మొఖం సూడాలె రాజూ ఆ టైముకు" అనుకుంట ఆయన మొఖమే పిలగాని మొఖం అయింది.

సరే, వాళ్లకు ట్రక్కు ప్రాజెక్టు ఉంటే నాకు ఉండదా? నాకు పొయ్యి ప్రాజెక్టు ఉండె. గ్యాసు మీద బిర్యానీ వండి వండి విసుగొచ్చింది. అబూ తుర్కీ పారేసిన పాత రిమ్ము ఒకటి అడిగి తీసుకున్న. రఫీక్ భాయ్ దానికి మూడు కాళ్లు వెల్డింగు చేసిండు. కింద గాలికి ఒక కిటికీ గూడ కోసిండు. నేను నల్ల పెయింటు కొట్టి, అంచుకు ఎర్ర గీత గీసిన. సూసినోళ్లు పొయ్యి అనరు, షోరూముల వెట్టే ఐటమ్ అంటరు. దాని ఓపెనింగు మొన్న జుమ్మా నాడే. కట్టెల మంట మీద చికెన్ దమ్ బిర్యానీ!

గెస్టు నర్సన్న. నిర్మల్ ఆయన, ఇక్కడ కంపౌండుల మెయింటెనెన్సు పని చేస్తడు, నాకంటె పెద్దోడు. పొద్దుగాలనే చికెన్ పట్టుకొని వచ్చిండు. రఫీక్ భాయ్ తానం చేసి, అత్తరు రాసుకొని, జుమ్మా నమాజుకు బయలెల్లుకుంట తలుపుకాడ నిలవడి, "రాజూ, ఏక్ బాత్ సున్" అన్నడు. నేను ఉల్లిగడ్డలు కోస్తున్న. కండ్లల్ల బొటబొట నీళ్లు. "వచ్చినంక చెప్పు భాయ్" అన్న. గా ఒక్క ముచ్చట అప్పుడు ఇని ఉంటే ఇయ్యాల మీకు చెప్పుకోవడానికి నాకేం ఉండకపోవు.

మసాలా పట్టింది, బియ్యం సగం ఉడికినయి, గిన్నె నింపినం. దమ్ముకు గిన్నె కింద పెంక ఉండాలె గద, లేకుంటే అడుగంటుతది. మా పెంక సూస్తే నాన్‌స్టిక్కు, దాని పిడి ప్లాస్టిక్కు. కట్టెల మంట మీద వెడితే బిర్యానీకంటె ముందు అదే ఉడుకుతది. "ఏదన్న ఇనుప రేకు దొరుకదానే తమ్మీ?" అన్నడు నర్సన్న. రేకులకేం తక్కువ మనకాడ? షెడ్డులకు పోయిన.

బెంచి మీద, పాత బనీను గుడ్డ మీద, బోర్ల పడి ఉన్నది ఒక రేకు. నిండ తుప్పు. అంచు వంగింది. రెండు పొక్కలున్నయి. కొలత తీసినట్టు పొయ్యి నడిమిట్ల సరిగ్గ సరిపోతది. తిప్పి సూడలే. అదే నా ఖర్మ! బెంచి మీద ఎందుకున్నది, కింద గుడ్డ ఎవరు పరిచిండ్రు అని ఒక్క సెకను గూడ ఆలోచన చెయ్యలే.

నర్సన్న మాత్రం అడిగిండు. "గది కామ్‌ది గాదు గదనే?"

"తుప్పు వట్టి పొక్కలు వడ్డది, ఏం కామ్‌ది అన్నా? చెత్త!" అన్న. అన్నది ఎవరు? తుప్పుకు లక్కరు కొట్టినోన్నే!

పొయ్యి మీద రేకు, రేకు మీద గిన్నె, గిన్నె మూతకు పిండి, మూత మీద బొగ్గులు. ఇద్దరం నీడకు కూసున్నం. కొద్దిసేపటికి వాసన మొదలైంది. నర్సన్న ముక్కు ఎగవీల్చి, "ఇదేం మసాలనే? పెయింటు వాసన వస్తున్నది" అన్నడు. నాకూ వస్తున్నది. గని వారమంతా నేను పీల్చేది పెయింటే గద! నా పెయ్యికెల్లే వస్తున్నది కావచ్చనుకున్న. లేసి పోయి సబ్బు వెట్టి చేతులు గూడ కడుక్కొచ్చిన.

గప్పుడొచ్చిండు రఫీక్ భాయ్. వచ్చుడు వచ్చుడే షెడ్డులకు తొంగి సూసి, "రాజూ, బెంచ్ పే నంబర్ ప్లేట్ థీ, ట్రక్ కో లగా దీ?" అన్నడు, బిగిచ్చినవా అని.

"ఏం నంబర్ ప్లేట్ భాయ్?"

"అరే, అబూ తుర్కీ రాత్రి వెట్టిపోయిండు గద! వాళ్ల అబ్బ ట్రక్కుది. అసలుది! నేను పోయేముందు నీకు చెప్పబోతే వచ్చినంక చెప్పమంటివి."

ఇగ ఆయన చెప్పుకుంట పోయిండు. పెద్ద బాబా ట్రక్కు పాత సామాన్ల పోయిందా, దాని నంబర్ ప్లేటు మాత్రం వాళ్ల చిన్నాయిన మేకల కొట్టం తలుపుకు కొట్టుకున్నడట. అబూ తుర్కీ ఆయన్ను బతిమాలి బతిమాలి ఊడవీకి తెచ్చుకున్నడు. ప్రపంచంల అసొంటిది ఇంకోటి లేదు. "దాని మొఖం గుడ్డతోని గూడ తుడువొద్దు, ఎట్లున్నదో గట్లనే ట్రక్కుకు బిగియ్యుండ్రి, రాజు చేతులతోని బిగియ్యమను" అని చెప్పి పోయిండట.

నర్సన్న నా దిక్కు సూసిండు. నేను పొయ్యి దిక్కు సూసిన. రఫీక్ భాయ్ మా ఇద్దరి దిక్కు సూసి, మెల్లగ పొయ్యి దిక్కు సూసిండు.

"యా అల్లా!" అన్నడు.

గిన్నె దించినం. పకారు తోని రేకు తీసి నీళ్లల్ల వెడితే బుస్సుమన్నది. తిప్పి సూస్తే ఏమున్నది? తెల్ల పెయింటు బొబ్బలెక్కి, నల్లగ బొగ్గై, ముడితే రాలుతున్నది. అంకెలు ఒత్తిన అంకెలు గనుక అవి మాత్రం ఉబ్బెత్తుగ అట్లనే ఉన్నయి. పోనీ బిర్యానీ అన్న దక్కిందా అంటే అదీ లేదు. నంబర్ ప్లేటు రేకు ఎంత సన్నగ ఉంటది! పెంక లెక్క సెగ ఆపుతదా? మూత తీస్తే అడుగంతా మాడి, మీదిదాక పెయింటు కంపు. రెంటికి చెడ్డ రేవడి అంటరు సూడు, ఆ రేవడి నేనే.

అదే టైముకు ఫోను. అబూ తుర్కీ!

"రాజూ! లోహ బిగిచ్చినవా?" లోహ అంటే వాళ్ల భాషల నంబర్ ప్లేటు.

నా నోరు నన్నడగలే. "తమామ్ బాబా! ఖలాస్!" అన్నది, అంతా బరాబర్, పని అయిపోయింది అని.

ఫోను వెట్టినంక నర్సన్న, "నీ ధైర్యం పాడుగాను! ఏం ఖలాస్? నువ్వు ఖలాస్" అన్నడు. నాకు నిజంగ భయమేసింది. నౌకరీ పోతదని ఒకటి. అంతకన్న ఎక్కువ, ఆ మనిషి నెలల తరబడి కన్న కలను నేను కోడి కోసం కాల్చిన అని. అబూ తుర్కీ మంచోడు. నన్ను నమ్మి నా చేతులతోనే బిగియ్యమన్నడు గద!

అయితే నేను పెయింటర్ను. పెయింటు పోతే పెయింటర్ ఏం చేస్తడు? పెయింటు ఏస్తడు! గీకిన, రుద్దిన, ప్రైమరు కొట్టిన, తెలుపు కొట్టిన, అంకెలకు నలుపు అద్దిన. ఆ ఎండకు ఆరుడెంతసేపు? వంగిన అంచును గూడ సుత్తెతోని సక్కగ చేసిన. తీస్కపోయి రఫీక్ భాయ్ ముంగట వెట్టిన. పాలసముద్రంల పుట్టినట్టు మెరుస్తున్నది.

రఫీక్ భాయ్ నెత్తి కొట్టుకున్నడు. "అరే యార్, యే తో దుల్హన్ బన్ గయీ! బుడ్ఢీ చాహియే థీ, బుడ్ఢీ!"

నిజమే. ముసలామె కావాల్నంటే నేను పెండ్లిపిల్లను తయారు చేసిన. దీన్ని ఆ ట్రక్కుకు కొడితే అబూ తుర్కీ దూరంకెల్లే గుర్తువడ్తడు.

మల్ల ముసలామెను చేసుడెట్ల? తుప్పు తీసుడు తెలుసు గని తుప్పు పుట్టిచ్చుడు నా బతుకుల ఎన్నడన్న చేసిన్నా? అసర్ దగ్గర వడ్తున్నది. గప్పుడు నర్సన్నకు తెలివి ఎలిగింది. "ఒరే తమ్మీ, మీ ఆమె పంపిన తొక్కు డబ్బా మూత ఏమైందిరా?"

ఏమైందంటే, ఆ రేకు మూత నెల తిరక్కముందే ఎర్రగ తుప్పు వట్టి జల్లెడ అయింది. ఉప్పు, పులుపు! మన తొక్కు తినని ఇనుము ఉన్నదా?

ఇగ సూడుండ్రి మా ముగ్గురి అవస్థ. అంచులకాడ, అంకెల నెత్తిన పెయింటు రుద్ది ఇనుము బయటవెట్టిన. నర్సన్న గంటెతోని తొక్కు తీస్తుండు, నేను బ్రష్షుతోని పూస్తున్న. "ఈడ జెర పుయ్యి, ఆ ముక్క ఈ మూలకు వెట్టు" అని రఫీక్ భాయ్ ఇంజనీరు లెక్క ఆర్డర్లు. రేకును తీస్కపోయి కాలే సిమెంటు గచ్చు మీద ఎండకు వెట్టినం. ఒక కాకి వచ్చి సూసి, ముట్టకుండనే పోయింది. మల్ల పూసినం, మల్ల ఎండవెట్టినం. ఆహా, ఏమన్న తుప్పా అది! అంచులకెల్లి ఎర్రగ, గోధుమ రంగుగ పాకుతున్నది. అబూ తుర్కీ లక్కరు కొట్టమన్న డోరు గూడ దాని ముంగట దిగదుడుపే. వంచిన అంచును మల్ల వంచిన. గిన్నెలు తోమే సబ్బుతోని కడిగి ట్రక్కుకు బిగిచ్చి, దూరం పోయి సూసిన. అచ్చం మేకల కొట్టంకెల్లి ఊడవీకి తెచ్చినట్టే ఉన్నది.

"శభాష్!" అన్నడు నర్సన్న. నన్ను నేను గూడ శభాష్ అనుకున్న.

బండి వచ్చింది. అబూ తుర్కీ దిగి, అవుతలి డోరు తెరిచి పెద్ద బాబా చెయ్యి వట్టుకొని దించిండు. ఆయన్ను నేను సూసుడు అదే మొదలు. బాగ వయసు. చేతిల కట్టె. రెండు కండ్లల్ల తెల్లటి పొర, కొడుకు చెయ్యి ఇడిసి అడుగు ఎయ్యలేడు. ఆయనకు సరిగ్గ కనవడదు! కనవడని మనిషి కోసమా మేం మధ్యానం నుంచి ముసలామెను సింగారిచ్చింది!

అబూ తుర్కీ ఆయన్ను ట్రక్కు ఎనుకకు తోల్కపోయి, ఆయన చేతిని తీసి ప్లేటు మీద వెట్టిండు. "అబ్బా, సదువు" అన్నడు.

పెద్ద బాబా కట్టె పక్కకు వెట్టి మెల్లగ కూసున్నడు. వేళ్లతోని ఒక్కొక్క అంకె తడిమిండు. మొదటి అంకె, రెండో అంకె... ఆఖరు అంకె కాడ వేలు ఆగింది. మల్ల మొదటికెల్లి తడిమిండు. "ఇది నాది" అన్నడు. "మీ అమ్మను పెండ్లి చేసుకొని తబూక్ తీస్కపోయిన బండి ఇది." నాకు అరబ్బీ సగమే వస్తది గని ఆ మాటకు తర్జుమా అక్కర లేకుండె. అబూ తుర్కీ అవుతలికి మల్లి కండ్లు తుడుసుకున్నడు. నాకు గూడ కండ్లు తడైనయి. ఉల్లిగడ్డలేం లేవు అప్పుడు. బతికిపోయినం, అంకెలు కాలలేదు, దేవుడున్నడు అనుకున్న.

గంతట్ల పెద్ద బాబా వేలు ముక్కుకాడికి తెచ్చుకున్నడు. వాసన సూసిండు. ఇంకోపారి సూసిండు. నేను వద్దు వద్దు అనేలోపే నాలుకకు అద్దుకున్నడు.

"అచ్చార్!" అన్నడు. అంటే మన తొక్కే!

అబూ తుర్కీ గూడ వంగి ప్లేటు వాసన సూసిండు. లేసి నా దిక్కు మల్లిండు. "రాజూ. మా అబ్బ ప్లేటు మీద అచ్చార్ ఎందుకున్నది?"

అబద్ధం ఆడుదామనుకున్న గని, తొక్కుకు అబద్ధం ఏం దొరుకుతది? చేతులు కట్టుకొని, సగం అరబ్బీ సగం ఉర్దూల, పొయ్యి కాడికెల్లి కాకి దాక మొత్తం చెప్పేసిన. రఫీక్ భాయ్ నేల సూస్తుండు. నర్సన్న ట్రక్కు ఎనుకకు జరిగిండు. అబూ తుర్కీ మొఖంల రంగులు మారుతున్నయి.

ఆఖరుకు పెద్ద బాబా నోరు తెరిచిండు. నవ్వుతుండు! "ఓరి, అది మేకల కొట్టంల ఉన్నది ఇన్నొద్దులు. బిర్యానీ కింద ఉంటే తప్పేంది? ఎడారిల మేం దీని మీద ఇంజన్ ఆయిలు డబ్బా వెట్టినం, దీనితోని తేలును కొట్టినం. అంకెలు ఉన్నయి గద, సాలు." కొడుకు చెయ్యి వట్టుకొని లేసి, "ఆ బిర్యానీ ఏది మల్ల? ఆకలైతున్నది" అన్నడు.

అబూ తుర్కీ గూడ జెర మెత్తవడ్డడు. "అవ్ రాజూ, బిర్యానీ తీస్కరా."

నేను నేల దిక్కు సూసిన. "బిర్యానీ... మాడింది బాబా."

"ఏంది?"

"మొత్తం మాడింది. పారవోసినం."

గప్పుడొచ్చింది ఆయనకు అసలు కోపం! "మా అబ్బ ప్లేటు కాలవెట్టినవు, సరే. బిర్యానీ కోసం కాలవెట్టినవు, అదీ సరే. ఆ బిర్యానీ గూడ మాడవెట్టినవా? అంటే ఉత్త పుణ్యానికి కాలవెట్టినవా!" అని షెడ్డు రేకులు అదిరేటట్టు మొత్తుకున్నడు. ప్లేటుకు లేని తిట్లు బిర్యానీకి పడ్డయి. పెద్ద బాబా మాత్రం ట్రక్కు ఎక్కి, స్టీరింగు ముంగట కూసొని, ఖుబూజ్ రొట్టె తెప్పిచ్చుకొని, మిగిలిన తొక్కు అద్దుకొని తిన్నడు. మా ఆమెకు చెప్పమన్నడు, ఉప్పు జెర ఎక్కువైందట గని బాగున్నదట.

నా సజా ఏందంటే, వచ్చే జుమ్మాకు అబూ తుర్కీ దోస్తులందరికి నా పొయ్యి మీదనే దమ్ బిర్యానీ వండాలె. మందపాటి పెంక ఒకటి ఆయనే కొని తెచ్చిచ్చిండు.

అది గూడ పర్వలేదు గని, రఫీక్ భాయ్‌తోనే నాకు బతుకు కష్టమైంది. ఇప్పుడు షెడ్డుల నేను ఏ ఇనుప ముక్క ముట్టినా అడ్డం నిలవడి, "రాజూ, యే గాడీ కా హై, యా దేగ్ కా?" అంటడు. బండిదా, బిర్యానీ గిన్నెదా అని! నిన్న వర్క్‌షాపుల అందరి ముంగట నా పెయింటు గన్ను నేను తీసుకోబోతే గూడ అడిగిండు. నేనేం చేసిన్నంటారా? బుద్ధిగ నిలవడి, "గాడీ కా హై భాయ్" అని జవాబు చెప్పి తీసుకున్న.